ఊళ్ళో పని దొరుకుతున్నా మనవాళ్ళు ఎందుకు పోతున్నారు?

జగిత్యాల తిరుపతి

అందరికీ నమస్కారం. ఈ యాసంగిలో మా ఊళ్ళో సగానికి పైగా నాట్లు బీహార్, బెంగాల్ నుంచి వచ్చిన ముఠాలే వేశాయి. అందరూ మగవాళ్ళే. పది పన్నెండు మంది ఒక జట్టుగా పొద్దున్నే మడిలో దిగి, ఎకరాకు ఇంత అని గుత్త మాట్లాడుకుని, సాయంత్రానికి పని ముగించి పక్క పొలానికి పోతున్నారు. రైస్ మిల్లుల్లో హమాలీలు కూడా వాళ్ళే. మీకు గుర్తుండే ఉంటుంది, 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలను ఇళ్ళకు చేర్చడానికి వేసిన దేశంలోని మొట్టమొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు పోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకే మిల్లుల పని కోసం బీహార్ నుంచి కూలీలను ఎక్కించుకుని ఇంకో రైలు అదే లింగంపల్లికి వచ్చింది.

మా ఊరికి ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ నీళ్ళున్నాయి. రెండు పంటలు పండుతాయి. అయినా మా వాడకట్టులో దాదాపు ఇంటికొకరు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో సౌదీలోనో ఉన్నారు. పదిహేను వందల కిలోమీటర్ల అవతలి నుంచి పనికోసం మా ఊరికి వస్తుంటే, మా ఊరివాళ్ళు సముద్రం దాటి పోతున్నారు.

దయచేసి పేదరికం, కరువు అని ఒక్క మాటలో తేల్చేయకండి. మీ ఇంట్లో, మీ ఊళ్ళో పోయినవాళ్ళు ఏ లెక్క వేసుకుని పోయారో రాయండి. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మెట్‌పల్లి రాజన్న

తిరుపతి తమ్మీ, మంచి మాట అడిగినవ్. నేను షార్జాలో, తర్వాత సౌదీలో షట్టరింగ్ పని చేసి వచ్చిన. నాకు తెలిసింది చెప్తా.

రోజు కూలీ ఎంత అనే లెక్కతో ఎవడూ గల్ఫ్ పోడు. ఊళ్ళో మేస్త్రీ పనికి పోతే రోజుకు ఏడెనిమిది వందలు వస్తయి. కానీ అవి ఏ రోజువి ఆ రోజు వస్తయి, ఏ రోజువి ఆ రోజు పోతయి. ఉప్పుకు, పప్పుకు, పిల్లల ఫీజుకు, చుట్టం వస్తే కోడికి. నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండదు. ఊళ్ళో ఉండి లక్ష రూపాయలు ఒక్కసారి కూడబెట్టిన కూలీని నేను చూడలేదు.

అక్కడ వెయ్యి దిర్హాములు వస్తే మూడు వందలు తిండికి, ఫోనుకు. మిగతాది ఒక్కటే మొత్తం. క్యాంపులో మన జిల్లావాళ్ళమే చిట్టీ వేసుకుంటం. చిట్టీ ఎత్తుకున్న నెల ఇంటికి పంపితే అది ముద్దగా చేరుతది. ఆ ముద్ద డబ్బుకోసమే పోతం. పోయేటప్పుడు ఎవన్నన్నా అడుగు, మూడు నాలుగు మాటల్లో ఒకటి చెప్తడు: బిడ్డ పెళ్ళి, ఇంటి స్లాబు, బోర్ల అప్పు, ఆసుపత్రి అప్పు. నాది బోర్ల అప్పు. ఒకటి ఎండిపోతే ఇంకొకటి వేసిన, అది కూడా పడలేదు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన పైసలు. ఊళ్ళో కూలీతో ఆ వడ్డీ కూడా కట్టలేను. ఇంక ఏం చెయ్యాలె?

ఇంకో మాట. మా నాయన తరంలో, అంటే 1973 తర్వాత చమురు ధర పెరిగి అక్కడ కట్టడాలు మొదలైనప్పుడు, ముందు పోయింది కొద్దిమందే. వాళ్ళు తమ్ముణ్ని పిలిచిన్రు, బావమరిదిని పిలిచిన్రు. ఇప్పుడు మా మండలం పిల్లగానికి హైదరాబాద్‌లో రూమ్ ఇచ్చేటోడు దొరకడు గానీ దుబాయ్‌లో సోనాపూర్ క్యాంపులో పది మంది దొరుకుతరు. తెలిసినోడు ఎక్కడుంటే అక్కడికే పోతడు మనిషి.

పాలమూరు లలిత

రాజన్నా, మీ దగ్గర ప్రయాణం ముందు, ముద్ద డబ్బు తర్వాత. మా దగ్గర డబ్బు ముందు, ప్రయాణం తర్వాత.

మాది నారాయణపేట వైపు. గుంపు మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి జంటకు ఇంత అని అడ్వాన్స్ ఇస్తాడు. ఒంటరి మగవాడికి తక్కువ, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వస్తే ఎక్కువ. ఇంట్లో చావు జరిగినా, పెళ్ళి కుదిరినా, బిడ్డకు జ్వరం ముదిరినా ఆ సమయానికి చేతిలో డబ్బు పెట్టేవాడు అతనొక్కడే. బ్యాంకు ఇవ్వదు, సంఘంలో అప్పటికే లోన్ ఉంటుంది. తీసుకున్నాక అది తీరేదాకా అతను ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోవాలి. బొంబాయి, పూణే, బెంగళూరు, ఎక్కడో కాలువ తవ్వకం, ఎక్కడో రోడ్డు పని. దేశంలో పెద్ద ప్రాజెక్టు ఎక్కడ కడితే అక్కడ పాలమూరు లేబర్ అని పేరు పడింది మాకు. బొంబాయి బస్సు ఎక్కేవాళ్ళను సాగనంపడానికి ఊరంతా బస్టాండుకు వచ్చిన రోజులు నేను చూశాను.

కాబట్టి మా వాళ్ళు ఎందుకు పోవాలని నిర్ణయించుకున్నారు అని ఎవరైనా అడిగితే నాకు కష్టంగా ఉంటుంది. నిర్ణయం తీసుకున్నది అడ్వాన్స్ తీసుకున్న రోజు. అది కూడా ఆసుపత్రి వరండాలో నిలబడి తీసుకున్నది.

నీళ్ళు వచ్చాక మార్పు వచ్చింది, అది నిజం. కోయిల్‌సాగర్, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు చెరువుల్లోకి చేరాక, రెండు మూడెకరాలు ఉన్నవాళ్ళు చాలామంది వెనక్కి వచ్చి వరి వేస్తున్నారు. భూమి లేనివాళ్ళు మాత్రం ఇంకా పోతూనే ఉన్నారు. వాళ్ళకు నీళ్ళు వచ్చినా పోసుకోవడానికి మడి లేదు కదా.

సింధనూరు క్యాంపు

నేను కర్ణాటకలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మా ఇంటి కథ మీ అందరి కథలకంటే వేరుగా ఉంటుంది, అందుకే రాస్తున్నాను.

1953లో తుంగభద్ర డ్యామ్ పూర్తయ్యాక ఎడమ కాలువ కింద గంగావతి, సింధనూరు, మాన్వి వైపు భూములకు నీళ్ళొచ్చాయి. అక్కడి రైతులు తరతరాలుగా జొన్న, పత్తి పండించినవాళ్ళు. మాగాణి సేద్యం వాళ్ళకు కొత్త. మా తాతగారు గుడివాడ దగ్గర ఉన్న కొద్దిపాటి పొలం అమ్మి, ఆ డబ్బుతో ఇక్కడ దానికి ఎన్నో రెట్లు భూమి కొన్నారు. ఆయన అన్నదమ్ములు నలుగురు. పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చేది బతకడానికి చాలదు. అప్పటికే నిజాంసాగర్ కట్టాక (1931) వర్ని, కోటగిరి, బోధన్ వైపు పోయి బాగుపడిన కృష్ణా, గుంటూరు బంధువులు ఉన్నారు. వాళ్ళను చూసి ధైర్యం వచ్చింది.

తుప్పలు కొట్టి, మట్టి చదును చేసి, తాత్కాలికంగా గుడిసెలు వేసుకున్న చోటునే క్యాంపు అన్నారు. ఇప్పుడు అక్కడ మేడలున్నా, రైస్ మిల్లులున్నా పేరు క్యాంపే. మా నాన్నమ్మకు చివరిదాకా ఒకటే బాధ, కన్నడం నోటికి పట్టలేదని. మా పిల్లలు మాత్రం బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు.

నేను చెప్పేదేమిటంటే బాగా లేనివాళ్ళే పోతారన్నది సరికాదు. అమ్ముకోవడానికి ఎకరం ఉన్నవాడు పోగలిగాడు. ఏమీ లేనివాడు అప్పుడు గుడివాడలోనే ఉండిపోయాడు. దూరం పోవడానికి కూడా పెట్టుబడి కావాలి, ధైర్యం కావాలి.

కోసిగి మల్లేశ్

సింధనూరు గారూ, పెట్టుబడి మాట ఒప్పుకుంటాను. ధైర్యం మాట మాత్రం ఒప్పుకోలేను. మా ఊరివాళ్ళకు ధైర్యం లేక కాదు కూలీలుగా మిగిలింది.

కర్నూలు పడమటి మండలాలు మావి. కోసిగి, కౌతాళం, మంత్రాలయం. వానమీద ఆధారపడ్డ నేల. ఖరీఫ్ పంట ఇంటికి చేరాక సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరపకోతకు, పత్తి తీతకు. నేను ఇక్కడ బడిలో పంతులుని కాబట్టి వలస నాకు హాజరుపట్టీలో కనిపిస్తుంది. దీపావళి దాటాక ఒక్కో వరుస ఖాళీ అవుతుంది. ముందు ఐదో తరగతి ఆడపిల్లలు పోతారు. వాళ్ళు కోయడానికి కాదు, చేను గట్టున చంటిపిల్లను ఎత్తుకుని కూర్చోవడానికి. తల్లి కిలోల లెక్కన కోస్తుంది, బిడ్డ ఏడిస్తే కిలోలు తగ్గుతాయి. అందుకని అక్కను తీసుకుపోతారు.

వచ్చాక ఒక పిల్ల పలక పట్టుకోలేకపోయింది. ఏమ్మా అంటే మండుతోంది సార్ అంది. గట్టున కూర్చోవడానికని తీసుకుపోయినా కాయలు కూడా కోసిన చేతులు. రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసుకుని, తడిగుడ్డ చుట్టుకుని పడుకునేవాళ్ళమని చెప్పింది. ఆ చేత్తో కళ్ళు నలుపుకోకూడదని వాళ్ళమ్మ గాజుల చేతికి గుడ్డ కట్టిందట.

పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి. తల్లిదండ్రులు పోయినా పిల్లలు ఊళ్ళోనే ఉండి తిని చదువుకోవచ్చు. చాలా మంచి ఏర్పాటు. కానీ వలస బండ్లు వెళ్ళిపోయాక హాస్టల్ తెరిస్తే ఏం లాభం? నా కోరిక ఒక్కటే, సుగ్గి మొదలవకముందే తెరవాలి.

ఉపాధి హామీ ఉంది కదా అంటారు. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం దేశంలో మొదలైందే మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. దానివల్ల చాలా ఇళ్ళు నిలబడ్డాయి, అది కాదనను. కానీ ఆ డబ్బు విడతలుగా, ఆలస్యంగా ఖాతాలో పడుతుంది. మిరపకోతలో సీజన్ చివర రైతు ఒకేసారి లెక్క కట్టి ఇస్తాడు. రాజన్న చెప్పిన ముద్ద డబ్బు మా దగ్గర కూడా నిజమే. ఉగాదికి ఊరికి తిరిగొచ్చి ఆ డబ్బుతోనే విత్తనాలు కొంటారు.

సుజాత (నిజామాబాద్ నుంచి)

ఇంతమంది రాశారు, ఒక్కరు కూడా పెళ్ళి గురించి రాయలేదు. 2020–21 కార్మిక సర్వేలో దేశంలో వలస వచ్చిన ఆడవాళ్ళను కారణం అడిగితే నూటికి 87 మంది పెళ్ళి అని చెప్పారు. మనం దాన్ని వలస అనుకోము, అత్తారింటికి పోవడం అంటాము. నేను ఒంగోలులో పుట్టాను. సంబంధం కుదిరింది కాబట్టి నిజామాబాద్ వచ్చాను. నా ఉద్యోగం వదిలాను, స్నేహితులను వదిలాను, మా అమ్మకు ఒంట్లో బాగాలేకపోతే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. ఎందుకు వచ్చావని నన్నెవరూ అడగలేదు. రావాలా వద్దా అని అంతకంటే అడగలేదు. ఎవరు ఎందుకు పోతారో మాట్లాడేటప్పుడు మమ్మల్ని కూడా లెక్కలో వేయండి.

పాలకొల్లు లక్ష్మి

సుజాతా, నువ్వు రాశావు కాబట్టి నేనూ రాస్తున్నానమ్మా. లేకపోతే చదివి ఊరుకునేదాన్ని.

నేను కువైట్‌లో ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా చేశాను. మా వైపు, నరసాపురం, పాలకొల్లు, రాజోలు, ప్రతి ఊళ్ళోనూ ఆడవాళ్ళు పోయిన ఇళ్ళున్నాయి. అప్పులు తీర్చడానికి పోయానని అందరికీ చెప్పాను. అది నిజమే. చెప్పనిది ఇంకొకటి ఉంది. మా ఆయన తాగి కొట్టేవాడు. పుట్టింట్లో ఎన్నాళ్ళుంటాను? ఊళ్ళో మొగుణ్ని వదిలేసి వేరే ఇంట్లో ఉంటే పదిమంది పది రకాలుగా అంటారు. కువైట్ పోతే, పాపం పిల్లలకోసం కష్టపడుతోంది అంటారు. దూరంగా ఉండటానికి నాకు దొరికిన మర్యాదైన దారి అది ఒక్కటే.

పిల్లల్ని మా అమ్మ దగ్గర పెట్టాను. జీతం మా అమ్మ ఖాతాకే పంపాను. ఆ ఒక్క పనివల్లే నా ఇల్లు నిలిచింది. మొగుడి ఖాతాకు పంపిన నా తోటివాళ్ళు తిరిగొచ్చేసరికి పైసా లేదు.

అక్కడి ఇల్లు మన అదృష్టం. నాకు మొదటి ఇంట్లో ఫోన్ లాగేసుకున్నారు, అందరూ పడుకున్నాకే నిద్ర. రెండో ఇంట్లో మామ (వాళ్ళ పెద్దావిడ) నన్ను కూర్చోబెట్టి తినమనేది. కువైట్‌లో 2015 నుంచి ఇంటిపనివాళ్ళకు చట్టం ఉంది, వారానికి ఒక సెలవు, రోజుకు 12 గంటలకు మించి పని వద్దు అని. 2016లో కనీస జీతం 60 దీనార్లు అని కూడా పెట్టారు. ఆ సంగతి నాకు తిరిగొచ్చే ముందు తోటి ఆవిడ చెబితే తెలిసింది. ఇక్కడ ఎక్కేముందు ఎవరూ చెప్పలేదు.

ఇంకోటి. 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళకు ఈ పనికి మన ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. రక్షణ కోసమే పెట్టారు. కానీ ఏజెంటు వయసు మార్చి, విజిట్ వీసా మీద పంపేస్తాడు. అలా పోయిన పిల్లకు కష్టమొస్తే రికార్డుల్లో ఆమె ఎక్కడా ఉండదు.

ఉద్దానం కుర్రాడు

అక్కా, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను.

మాది శ్రీకాకుళం తీరం. 193 కిలోమీటర్ల సముద్రం ఉంది జిల్లాకు, పెద్ద బోట్లు కట్టేసుకునే హార్బరు లేక మా వాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ పోయి అక్కడి సేఠ్‌ల బోట్లలో కళాసీలుగా చేస్తారు. సముద్రం వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. అయినా చిన్న తెప్పమీద, ఫైబర్ పడవమీద ఎంత దూరం పోగలరు? 2018 నవంబరులో మా వాళ్ళున్న బోట్లను పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో వాఘా దగ్గర విడిచిపెట్టేదాకా కరాచీ జైల్లో ఉన్నారు. ఆ పద్నాలుగు నెలలూ మత్స్యలేశం ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎలా గడిపారో మేము దగ్గర్నుంచి చూశాం.

భవనాల పనికి చెన్నై పోయేవాళ్ళు ఇంకొందరు. 2014 జూన్‌లో మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది పోతే, వాళ్ళలో విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు చాలామంది.

మా ముత్తాత రంగూన్ పోయాడు. అప్పట్లో విశాఖ, కాకినాడ నుంచి స్టీమర్లు ఉండేవి. రంగూన్ రేవులో మోత పనంతా తెలుగువాళ్ళదే. 1930లో అక్కడ రేవు కూలీలమీద దాడులు జరిగినా మళ్ళీ పోయారు. 1942లో జపాన్ బాంబులకు అడవుల వెంట నడిచి వచ్చేశారు. మిగిలినవాళ్ళను అరవైల్లో అక్కడి ప్రభుత్వం పంపేస్తే వచ్చినవాళ్ళే విశాఖలో బర్మా క్యాంపు. ఇలా చూస్తే నాలుగు తరాలుగా మా ఇంట్లో మగవాడు ఊళ్ళో ఉన్నది తక్కువ. ఇప్పుడు కొత్తగా ఎందుకు పోతున్నావని నన్ను ఎవరైనా అడిగితే, పోకుండా ఉండటం మాకెవరూ నేర్పలేదు అంటాను. హార్బరు వస్తే నేర్చుకుంటాం.

పేరు వద్దు

చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. కూలీ, అప్పు, పెళ్ళి అన్నీ వచ్చాయి ఇక్కడ. ఒక్కటి రాలేదు.

మా ఊళ్ళో నాకంటే చిన్నపిల్లవాడు కూడా మా నాన్నను ఏరా అని పిలుస్తాడు. మా పెద్దనాన్న ఒక ఇంట్లో జీతం ఉన్నాడు, ఆయన కొడుకు అదే ఇంట్లో ఉన్నాడు. ఊళ్ళో పని దొరకక కాదు. ఆ పనితోపాటు వచ్చే పిలుపు వద్దనుకుని నేను హైదరాబాద్ వచ్చాను. కూకట్‌పల్లి అడ్డామీద నిలబడ్డ మొదటిరోజు ఒకాయన వచ్చి, ఏం భయ్యా వస్తావా అన్నాడు. ఊళ్ళో కంటే తక్కువ డబ్బుకే ఆ రోజు పనికి వెళ్ళాను.

తిరుపతి గారు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. ఊళ్ళో నాట్లు వేస్తే నేను ఫలానా వాడి కొడుకును. వేరే చోట ఇటుకలు మోస్తే నేను మేస్త్రీ హెల్పర్‌ని, అంతే. బీహార్ నుంచి మీ ఊరికి వచ్చినవాళ్ళకు కూడా ఇదే కారణం కొంతైనా ఉంటుంది, అడిగి చూడండి.

నగరంలో అంతా బాగుందని చెప్పను. అద్దె ఇంటికి వెళ్తే, మీరేమిట్లు (ఏ కులం) అని ఇక్కడా అడుగుతారు. కానీ ఇక్కడ ఆ ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు ఉంటుంది. ఊళ్ళో ఉన్నది ఒకటే ఊరు.

డాలస్ శేఖర్

పైన చెప్పినవన్నీ చదివాక మా గురించి రాయడానికి మొహమాటంగా ఉంది. అయినా రాయాలి, ఎందుకంటే ఇప్పుడు ప్రతి మండలం నుంచీ పిల్లలు ఇటే, అమెరికాకే వస్తున్నారు.

మేము ఆకలితో రాలేదు. పోలికతో వచ్చాం. మా ఇంజనీరింగ్ బ్యాచ్‌లో సగం మంది వస్తుంటే మిగతా సగం తల్లిదండ్రులకు నిద్ర పట్టలేదు. పెదనాన్న కొడుకు వెళ్ళాడు, పక్కింటి అమ్మాయి వెళ్ళింది, మనవాడు ఎందుకు వెళ్ళలేదు? నేను వచ్చినప్పుడు లెక్క సరిపోయింది. చదువు, తర్వాత సైన్స్, ఇంజనీరింగ్ పిల్లలకు మూడేళ్ళదాకా పనిచేసే అనుమతి, ఈలోగా లాటరీలో హెచ్1బీ. ఏడాదికి 85 వేల వీసాలే అయినా ఏదో ఒక ఏడాది పేరు వచ్చేది.

ఇప్పుడు ఆ లెక్క మారింది. 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. గ్రీన్ కార్డు వరసలో మన దేశంవాళ్ళకు దశాబ్దాల నిరీక్షణ. అయినా నలభై, యాభై లక్షల అప్పు చేసి, పొలమో ఇల్లో బ్యాంకులో పెట్టి పిల్లల్ని పంపుతున్నారు. తల్లిదండ్రులకు నా మనవి: పిల్లవాడు బాగా చదివేవాడైతే, అప్పు తిరిగి కట్టడానికి ఉద్యోగం రాకపోయినా మీ ఇల్లు నిలబడుతుందనుకుంటేనే పంపండి. ఉన్న ఒక్క పొలం తాకట్టు పెట్టి పంపకండి. ఇక్కడ చదువు అయిపోయి, ఉద్యోగం దొరక్క, ఇంటికి ఫోన్‌లో అంతా బాగుందని చెబుతున్న పిల్లలు నాకు తెలుసు. వాళ్ళ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

జగిత్యాల తిరుపతి

అందరికీ దండాలు. పేరు చెప్పని అన్న చెప్పినట్టు నిన్న బీహార్ జట్టు పెద్దమనిషిని కూర్చోబెట్టి అడిగాను. నా హిందీ అంతంతే అయినా చాలాసేపు మాట్లాడాడు.

అతనిది సహర్సా వైపు. అక్కడ కూడా నాట్లకు పని దొరుకుతుందట, కానీ ఊరి ఆసామి ఇవ్వాళ సగం, పంటకు సగం అంటాడట. గట్టిగా అడిగితే రేపటినుంచి పిలవడు. ఇక్కడ పని ముగిసిన రోజే ఎకరాల లెక్క కట్టి మొత్తం చేతిలో పెడతారు. సీజన్ అయ్యాక జట్టంతా ఒకేసారి డబ్బు తీసుకుని పోతారు. ఇద్దరికి చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఉన్నాయి, ఒకరికి అన్నకు ఆపరేషన్. రాజన్న చెప్పినవే అవి.

ఇంకో మాట కూడా అన్నాడు. ఇక్కడ మీ ఊరివాళ్ళు నన్ను బీహారీ అంటారు, మా ఊళ్ళో నన్ను ఏమంటారో మీకు చెప్పను అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు.

కోరుట్ల శ్రీను

అన్నలారా, ఇదంతా చదివాక ఒకటి అడగాలి. మా తమ్ముడు పదో తరగతి ఫెయిల్, డ్రైవింగ్ వచ్చు. ఒక ఏజెంటు దుబాయ్‌లో పని ఉంది, విజిట్ వీసా మీద పంపి అక్కడికి పోయాక మారుస్తా అంటున్నాడు. లక్షన్నర అడుగుతున్నాడు. చెల్లె పెళ్ళికి చేసిన అప్పు ఉంది. వద్దంటే వినడు. ఏం చేయమంటారు?

రాయచోటి బాషా

శ్రీనూ, వద్దని చెప్పకు. ఎలా పోవాలో చెప్పు. కువైట్, ఖతర్‌లో చాలా ఏళ్ళు ఉన్నాను, మా ఊళ్ళో సగం ఇళ్ళు ఆ డబ్బుతోనే లేచాయి.

మీ తమ్ముడు పది పాస్ కాలేదు కాబట్టి అతని పాస్‌పోర్టు ఈసీఆర్ అయి ఉంటుంది. అంటే గల్ఫ్‌లో పనికి పోవాలంటే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. 1983 చట్టం అది. ఆ అనుమతి వచ్చిందంటే ఏ కంపెనీ, ఏ పని, ఎంత జీతం అన్నది రికార్డులోకి ఎక్కుతుంది. ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో ప్రాణం పోయినా, అంగవైకల్యం వచ్చినా పది లక్షలు. ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలే. విజిట్ వీసాలో ఇవేవీ ఉండవు. విజిట్ వీసామీద పనిచేయడమే అక్కడ నేరం. పట్టుకుంటే జరిమానా, జైలు, తిరిగి పంపేయడం.

లైసెన్సు ఉన్న ఏజెంటు తన సేవలకు తీసుకోవలసింది 30 వేలు, పైన జీఎస్టీ. అంతకు మించి తీసుకోకూడదు. లక్షన్నర అడుగుతున్నాడంటే లైసెన్సు నంబరు అడుగు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఉన్నాడో లేదో తెలుస్తుంది. చాలామంది సబ్ ఏజెంట్లే, పైవాడి పేరు చెప్పరు. అలాంటివాడికి పాస్‌పోర్టు చేతికివ్వకండి. మీకు టామ్‌కామ్ ఉంది, తెలంగాణ ప్రభుత్వానిదే, డ్రైవర్ల పోస్టులు పడతాయి. కొంచెం ఆలస్యమవుతుంది, అంతే.

ఆజాద్ వీసా అని ఇంకొకటి చెబుతారు. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒకడు, పని ఇంకొకడి దగ్గర. అకామా (అక్కడ ఉండే అనుమతి) రెన్యువల్‌కు ప్రతి ఏడాదీ కఫీల్ చేతులు తడపాలి. అతను కాదంటే ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేనివాడు. నా రూమ్‌మేట్ అలాగే అయ్యాడు. పోలీసులు వస్తారని మేము పనికి పోయాక బయట తాళం వేయించుకుని లోపల ఉండేవాడు. వాళ్ళ నాన్న చనిపోతే రాలేకపోయాడు. క్షమాభిక్ష ప్రకటించాక ఔట్‌పాస్ (తిరిగి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితం) తీసుకుని వచ్చాడు.

మెట్‌పల్లి రాజన్న

బాషా భాయ్ చెప్పింది అక్షరాలా నిజం. 2013లో సౌదీలో నితాకత్ (కంపెనీలు సౌదీవాళ్ళకు ఇన్ని ఉద్యోగాలు ఇవ్వాలన్న రూలు) తనిఖీలు మొదలైనప్పుడు కాగితాలు సరిగ్గా లేనోళ్ళు చేతిసంచితో తిరిగొచ్చిన్రు. కాగితం ఉన్నోడు ఇంకో కంపెనీకి మారిండు.

శ్రీనూ, తమ్మునితో కూర్చుని పేపరు మీద రాయి. అప్పు ఎంత, దానికి వడ్డీ ఎంత, పోవడానికి ఎంత, జీతంలో తిండి పోను నెలకు ఎంత మిగులుతది, ఎన్ని నెలలకు అప్పు తీరుతది. మేము ఎవరమూ పోయేముందు ఆ లెక్క రాయలేదు. లక్షన్నర మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు నాలుగున్నర వేలు వడ్డీకే. తొలి ఏడాది సంపాదన అంతా ఏజెంటుకు, వడ్డీకే పోతది. అదే 35 వేలతో పోతే నాలుగైదు నెలల్లో ముద్ద చేతికొస్తది. ఈ ఒక్క లెక్క చూపిస్తే వాడే విజిట్ వీసా వద్దంటడు.

పాలకొల్లు లక్ష్మి

అతనికి పెళ్ళయిందా శ్రీనూ? అయితే వెళ్ళేముందు భార్య పేర బ్యాంకు ఖాతా తెరిపించు. కాంట్రాక్టు కాగితం, వీసా, పాస్‌పోర్టు జిరాక్సులు ఒక సెట్టు ఆమె దగ్గర ఉండాలి, ఫోన్‌లో ఫోటోలు కూడా. అక్కడ ఏదైనా అయితే ఎంబసీకి రాయాల్సింది ఆమే. కంపెనీ పేరు కూడా తెలియని భార్యల్ని నేను చాలామందిని చూశాను.

కోరుట్ల శ్రీను

పెళ్ళి కాలేదు అక్కా. అమ్మ పేర తెరిపిస్తా.

బాషా అన్నా, సాయంత్రం ఏజెంటుకు ఫోన్ చేసి లైసెన్సు నంబరు అడిగిన. రేపు చెప్తా అన్నడు. వెబ్‌సైట్‌లో వాడు చెప్పిన పేరుతో మా జిల్లాలో ఎవరూ కనిపించలేదు. రాజన్న చెప్పిన లెక్క తమ్ముడు తనే రాసిండు, రాసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. డ్రైవింగ్ లైసెన్సు ఎల్‌ఎంవీయే (చిన్న బండ్లది) ఉంది. హెవీ లైసెన్సు ఉంటే టామ్‌కామ్‌లో అవకాశం ఎక్కువ ఉంటదా?

రాయచోటి బాషా

హెవీ ఉంటే పని సులువుగా దొరుకుతుంది, జీతమూ ఎక్కువే. అయితే మన లైసెన్సు ఉన్నా అక్కడ మళ్ళీ టెస్ట్ పెడతారు. ఖర్చు కంపెనీ పెట్టుకుంటుందా, జీతంలో కోస్తుందా అన్నది కాంట్రాక్టులో రాయించుకోవాలి. హెవీకి ఎన్నాళ్ళు పడుతుందో మీ ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోండి. ఈలోగా ఊళ్ళోనే ట్రాక్టరో, డీసీఎమ్మో నడిపితే అనుభవం కూడా అవుతుంది. తమ్ముడి నంబరు నాకు వేరుగా మెసేజ్ పెట్టు, ఇక్కడ బయట రాయకు. నేనే మాట్లాడతాను.